కొలిమి వెలిగితేనే ఏరు సాగేది



సిద్దిపేట జిల్లాలో చింతమడక అనే ఊరున్నది. రాయలసీమ వైపు మడక అంటే నాగలి. కనుక ఈ ఊరి పేరు వినగానే ఆ సీమ రైతుకు చింతచెట్టూ, నాగలీ రెండూ కళ్ళ ముందు నిలుస్తాయి. ఈ వేళ నేను నాగలిని గురించి చెప్పబోవడం లేదు. నాగలి కొనన ఉండే జానెడు ఇనుమును గురించీ, ఆ ఇనుమును కాచి, కొట్టి, సాగగొట్టి మన చేతికిచ్చిన మనిషిని గురించీ నాల్గు మాటలు మనవి చేస్తాను. ఆయనే మన ఊరి కమ్మరి. కాకతీయుల కాలం మొదలుకొని గోల్కొండ సుల్తానుల కాలం దాకా, అంటే సుమారు 12వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం వరకు, మన పల్లె ఆయన మీద ఎంతగా ఆధారపడి బ్రతికిందో చూద్దాం.

ముందుగా నేల సంగతి. చింతమడక చుట్టుపట్ల నేలలు చాలావరకు ఎర్ర చెల్కలు. చెల్క గుణం మీకు నేను చెప్పాలా? ఎండితే రాయి, తడిస్తే మెత్తన. వాన పడిన నాలుగైదు రోజులే అదను. ఆ అదనులో దున్నితే దున్నినట్టు, విత్తితే విత్తినట్టు. అదను తప్పితే మళ్ళీ ఆకాశం వైపు చూడవలసిందే. పైగా చెల్కలో ఇసుక, గరుసు ఎక్కువ. అది కర్రును ఆకురాయిలాగా అరగదీస్తుంది. ఏరువాకలో కర్రు మొన మొద్దుబారడానికి ఎన్నో రోజులు పట్టదు. మొద్దుబారిన కర్రుతో దున్నితే చాలు లోతు దిగదు. ఎద్దుల మెడలు కాస్తాయి, నేల మాత్రం తెగదు.

ఇప్పుడు ఆలోచించండి. వాన పడింది. కర్రు మొండిపోయింది. కమ్మరి పది కోసుల దూరాన ఉన్నాడు. పోయి రావడానికి రెండు రోజులు, అక్కడ వంతు వచ్చేదాకా ఒక రోజు. ఈలోగా అదను కాస్తా పోయింది. అందుచేతనే కమ్మరి ఊరిలోనే ఉండాలి, పొద్దు పొడవక ముందే కొలిమి వెలగాలి. కమ్మరి మనకు ఇచ్చింది ఇనుము ఒక్కటే కాదు, అదను కూడా. పూర్వపు పెద్దలు ఈ కిటుకును బాగా గ్రహించారు. కమ్మరిని ఊరిలో నిలుపుకోవడానికి వాళ్ళు చేసిన ఏర్పాటే ఆయం. తెలంగాణంలో దానినే బలుత అన్నారు.

ఈ బలుత పద్ధతి చిన్న వయసు వారికి తెలియకపోవచ్చును గనుక కొంచెం వివరిస్తాను. కాకతీయుల నాటి శాసనాలలో ఊరి జనాన్ని అష్టాదశ ప్రజ అని, అంటే పద్దెనిమిది వృత్తుల, కులాల వారని చెప్పడం కనబడుతుంది. కమ్మరి, వడ్రంగి, కంచరి, కాశె, కంసాలి అనే ఐదు పనుల వారికి పంచాణం వారు అని పేరు. విజయనగరం కాలానికి వచ్చేసరికి ఊరికి పన్నిద్దరు ఆయగాండ్రు అనే మాట స్థిరపడింది. వడ్రంగి నాగలి చెక్కితే, కమ్మరి కర్రు కొడతాడు. కుమ్మరి కుండ చేస్తాడు. నీరటి చెరువు తూము చూస్తాడు. పనికి పని కూలి లేదు. పంట వచ్చినప్పుడు కల్లం దగ్గర ప్రతి కాపూ వారి వారి వంతు గింజలు కొలిచి ఇవ్వవలసిందే. కమ్మరికి, వడ్రంగికి ఈ లెక్క సాధారణంగా నాగలికి ఇంత అని ఉండేది. ఎన్ని నాగళ్ళ సేద్యమో అన్ని నాగళ్ళ గింజలు. కొన్ని ఊళ్ళలో దీనికి తోడు కొంత ఇనాం భూమి కూడా ఉండేది. ఇది ఎంత బలంగా నాటుకున్న ఏర్పాటంటే, 1955 నాటి హైదరాబాదు ఇనాముల రద్దు చట్టంలో కూడా నీరడి, బలుత ఇనాములను పేరు పెట్టి ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది.

ఇందులోని లౌక్యం చూడండి. రైతుకు కమ్మరితో పని ఎక్కువగా పడేది ఎప్పుడు? మృగశిర కార్తెలో. మన మాటలో మిరుగం. అప్పటికి గాదెలు అడుగంటి ఉంటాయి, చేతిలో చిల్లిగవ్వ ఉండదు. పైకం పెడితేనే కర్రు కాచే పద్ధతి అయితే సగం ఊరు అప్పుల పాలు కావలసిందే. బలుతలో ఆ బాధ లేదు. పని మిరుగంలో, గింజలు కల్లంలో. అంటే ఆరు నెలల పాటు కమ్మరి రైతుకు వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే గదా! ఊరు పండితేనే ఆయనకు తిండి. కాబట్టి ఊళ్ళో ప్రతి నాగలీ నడవడం ఆయనకూ అవసరమే. పాడైన పనిముట్టును బాగుచేయడం బలుతలో చేరేది. క్రొత్తది కావాలంటే వేరే ముట్టజెప్పేవారు. ఇనుము, బొగ్గులు రైతువి, పనితనం కమ్మరిది. సమ్మెట వేయడానికి రైతో, ఆయన జీతగాడో నిలబడేవాడు. తిత్తి ఊదే పనిలో, ఒక్కొక్కప్పుడు సమ్మెట పట్టడంలో కూడా, కమ్మరి ఇంటి ఆడవాళ్ళ చేయి ఉండేది. ఆ చెమట లెక్క ఏ శాసనంలోనూ ఎక్కలేదు.

ఇంత మంచి ఏర్పాటులో కష్టం లేదా అంటారా? ఉన్నది. దాచి చెప్పడం న్యాయం కాదు. కరువు వచ్చిన ఏడు కల్లమే లేదు, ఇక బలుత ఎక్కడిది? ఏడాది పొడుగునా చేసిన పని గాలికి పోయేది. రాజభాగమూ, అప్పుల వాళ్ళ వంతూ, ఆయగాండ్ర వంతూ అన్నీ ఆ కల్లంలో నుంచే పోవాలి. కొలత కాపు చేతిలో ఉండేది. తండ్రి కమ్మరి అయితే కొడుకూ కమ్మరే; వేరే దారి చూసుకోవడానికి వీలు తక్కువ. నిప్పు ముందర కూర్చున్నవాడి కళ్ళూ, ఊపిరితిత్తులూ ఏమయ్యాయో అడిగినవారు లేరు. కాబట్టి ఆ పాత ఏర్పాటునే తిరిగి తెచ్చుకుందామని నేననడం లేదు. అందులోని మంచి కిటుకు ఏదో తెలుసుకుందామని మాత్రమే అంటున్నాను.

కమ్మరి పని పొలంతోనే ఆగలేదు. కాకతీయులు చెరువులు త్రవ్వించారని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెరువు ఎవరు త్రవ్వించారో శాసనం చెబుతుంది. దేనితో త్రవ్వారో చెప్పదు. గడ్డపార, పార, గుద్దలి లేకుండా కట్ట లేస్తుందా? తూము రాళ్ళు చీల్చాలంటే ఇనుప ఉలులు, మేకులు కావాలి. 1213లో గణపతిదేవుని కాలంలో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిని చూసినవారికి ఆ నల్లరాతి మదనికలు గుర్తుంటాయి. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేరింది. అంత గట్టి రాతిలో దారమంత సన్నని సందులు తొలిచారంటే శిల్పి చేతి నేర్పు ఎంత ఉన్నదో, ఉలి మొనకు పదును పెట్టిన కమ్మరి నేర్పూ అంత ఉన్నది. గట్టి రాతి మీద ఉలి పూటపూటకూ మొద్దుబారుతుంది. కనుక గుడి కట్టినన్నాళ్ళూ పక్కన కొలిమి మండుతూనే ఉండాలి. గుడి మీద శిల్పాన్ని చూసి మనం మెచ్చుకుంటాం, ఆ కొలిమి బూడిద మాత్రం ఎప్పుడో వానకు కొట్టుకుపోయింది.

మరి ఈ ఇనుము ఎక్కడి నుంచి వచ్చేది? దీనికి మనం చింతమడక నుంచి ఉత్తరంగా గోదావరి వైపు, నిజామాబాదు, నిర్మల్, జగిత్యాల ప్రాంతాలకు పోవాలి. అక్కడి గుట్టల్లో ఇనుప రాయి ఉన్నది. వాగుల్లో వాన కొట్టుకొచ్చిన నల్ల ఇసుక ఉన్నది. అయస్కాంతం పెడితే ఆ ఇసుక అతుక్కుంటుంది. ఆ ఇసుకనూ, బొగ్గునూ మట్టి బట్టీలో పొరలు పొరలుగా వేసి, తిత్తులతో గాలి ఊది, ఇనుపముద్ద తీసేవారు. మిగిలిన మలినం చిట్టెం. ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళ చెరువు గట్ల మీద, చేల గట్ల మీద నల్లగా, బరువుగా, బుడగలు బుడగలుగా ఉండే రాళ్ళు కనబడతాయి. అవి దయ్యాలు వేసినవి కావు. మన పెద్దల బట్టీల చిట్టెం అది. అక్కడ ఒక మండలం పేరే కమ్మర్‌పల్లి.

కమ్మర్‌పల్లి ప్రాంతంలోనే కోనసముద్రం అనే ఊరున్నది. ఇనుమును ఉక్కుగా మార్చడంలో ఈ ఊరు దేశదేశాల్లో పేరుపొందింది. ఇనుముకూ ఉక్కుకూ తేడా ఏమిటి? కూరలో ఉప్పు పాలు అనుకోండి. ఇనుములో బొగ్గుపాలు దాదాపు లేకపోతే అది మెత్తని ఇనుము. కొట్టితే వంగుతుంది, పదును నిలవదు. బొగ్గుపాలు మరీ ఎక్కువైతే పోతఇనుము, దెబ్బకు పగులుతుంది. నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్ళు ఉంటే ఆ కాలపు మేలురకం ఉక్కు. ఆ పాలు చేర్చడానికి మన వాళ్ళు ఊక కలిపిన మట్టితో మూసలు చేసి, అందులో ఇనుపముక్కలు పెట్టి, మూతి మట్టితో మూసి, కొలిమిలో కాచేవారు. మూసలో ఇనుముతో పాటు కట్టెముక్కలూ, ఆకులూ వేయడం దక్షిణ దేశంలో చాలాచోట్ల ఉన్న పద్ధతి. సేలం వైపు తంగేడు కట్టె, జిల్లేడు ఆకు వేసేవారని 1839లో హీత్ అనే దొర వ్రాశాడు. మన గట్ల మీద పనికిరానిదని నరికి పారేసే జిల్లేడు ఒకప్పుడు ఉక్కుకు ప్రాణం పోసింది!

కోనసముద్రం పనిని 1820 ప్రాంతంలో వాయిసీ అనే భూగర్భశాస్త్రవేత్త కళ్ళారా చూశాడు. ఆయన వ్రాసినది 1832లో కలకత్తాలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును, మూడు పాళ్ళకు రెండు పాళ్ళు చొప్పున కలిపేవారట. ఇస్ఫహాన్ నుంచి, అంటే ఇప్పటి ఇరాన్ నుంచి, వర్తకులు ఆ ఊరికే వచ్చి, పని దగ్గరుండి చూసుకొని, ఉక్కు గడ్డలు కొనుక్కొని పోయేవారట. ఈ వర్తకం అంతకు ఎంతో ముందు నుంచీ ఉన్నదే. 1667లో గోల్కొండ రాజ్యం గుండా ప్రయాణం చేసిన తెవెనో అనే ఫ్రెంచి బాటసారి, నిజామాబాదు దగ్గరి ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు విస్తారంగా తయారై దేశమంతటా అమ్ముడుపోతున్నాయని వ్రాశాడు. మన ఉక్కు అనే మాటే ఇంగ్లీషువాళ్ళ నోట ఊట్జ్ అయిందని పండితులంటారు. 1795లో పియర్సన్ అనే శాస్త్రజ్ఞుడు లండనులో ఈ ఉక్కును గురించి వ్యాసం చదివాడు. తరువాత ఫారడే అంతటివాడు దీని గుట్టు విప్పాలని ప్రయోగాలు చేశాడు.

ఇంత పేరున్న పని ఎందుకు ఆగిపోయింది? కారణాలు రెండు మూడున్నవి. 19వ శతాబ్దంలో సీమ నుంచి చవక ఇనుము ఓడల మీద దిగింది. 1856లో బెస్సెమర్ కనిపెట్టిన పద్ధతితో ఉక్కు టన్నుల లెక్కన పోతపోయడం మొదలైంది. బట్టీలకు బొగ్గు కావాలి, బొగ్గుకు అడవి కావాలి. అడవి మీద కట్టుబాట్లు పెరిగాయి. ఇంకొక కారణం కూడా ఉన్నది. మూసలో పాళ్ళెంత, నిప్పు రంగెంత, చల్లార్చడం ఎంతసేపు అనే జ్ఞానమంతా మనుషుల చేతుల్లో, కళ్ళల్లో ఉండిపోయింది. తండ్రి కొడుక్కు చూపించాడే గాని కాగితం మీదికి ఎక్కలేదు. బట్టీ ఆరిపోగానే ఆ చదువూ ఆరిపోయింది. తరువాత 2010లో మన దేశపు, ఇంగ్లండు పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్ళలో తిరిగి, చిట్టెపు కుప్పలనూ, పగిలిన మూసలనూ ఏరి ఆ చదువును మళ్ళీ అక్షరం అక్షరం కూడబలుక్కోవలసి వచ్చింది.

రైతు సోదరులారా, బట్టీలు పోయినా ఊరి కొలిమి మాత్రం నిలిచింది. సీమ ఇనుము వచ్చినా కర్రు అరగడం మానలేదు గదా! కాని గత యాభై ఏళ్ళలో ట్రాక్టరు వచ్చింది, ఎద్దులు తగ్గాయి, కోతమిషను వచ్చింది, దుకాణంలో తయారు కొడవలి దొరుకుతున్నది. చాలా ఊళ్ళలో కొలిమి చల్లారింది. ట్రాక్టరు వద్దని ఎవరంటారు? కాని ట్రాక్టరుకు వెనుక తగిలించే కల్టివేటరు పళ్ళు కూడా ఇనుమే; చెల్కలో అవీ అరుగుతాయి. కలుపు తీసే దోకుడుపార, సైకిలు గుంటక పాస, మొక్కజొన్న కోసే కొడవలి, కంప కొట్టే గొడ్డలి ఇంకా మన చేతుల్లోనే ఉన్నాయి. అదను అప్పటిలాగే నాలుగైదు రోజులే. పట్నం పోయి రావడానికి ఒక రోజు పోతే, ఆ రోజును ఏ దుకాణమూ తిరిగి అమ్మదు.

కమ్మరి నేర్పు ఎక్కడ ఉన్నదో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఈనాడు మంచి కొడవలి, గొడ్డలి చేయడానికి చాలామంది కమ్మరులు పాత లారీ కమాను పట్టీ వాడతారు. అది మంచి ఉక్కు. దానిని ఎర్రగా కాచి, ఆకారానికి కొట్టి, అంచును నీటిలో ముంచితే అంచు గట్టిపడుతుంది. కాని అంతటితో ఊరుకుంటే గాజులా పెళుసై రాయి తగలగానే లేచిపోతుంది. అందుకని అంచును మాత్రమే ముంచి, పైకి తీసి, వెనుక భాగపు వేడి మెల్లగా అంచుకు ప్రాకేదాకా చూస్తాడు. తోమిన అంచు మీద ఎండుగడ్డి రంగు వచ్చిన క్షణాన మళ్ళీ నీటిలో ముంచుతాడు. ఆ క్షణం దాటితే నీలి రంగు వచ్చి పదును మెత్తబడుతుంది. ఈ ఎండుగడ్డి రంగును గుర్తుపట్టే కన్నే కమ్మరి ఆస్తి. కంసాలి నూరు దెబ్బలు, కమ్మరి ఒక్క దెబ్బ అనే సామెత మీకు తెలిసిందే. ఆ ఒక్క దెబ్బ ఎప్పుడు వేయాలో తెలియడంలోనే విద్య అంతా ఉన్నది.

ఇక మనం చేయవలసిన పనులు చెప్పి ముగిస్తాను. మొదటిది, రోహిణి కార్తె రాకముందే ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ బయటికి తీసి చూడండి. కక్కు పోయిన కొడవళ్ళు, వదులైన పిడులు, మొండిపోయిన పాసలు వేరుచేసి కొలిమికి చేర్చండి. అందరమూ మిరుగం నాడే పోతే ఒక్క కమ్మరి ఏం చేస్తాడు? రెండవది, ఈ కాలంలో బలుత గింజలు లేవు గనుక పని అయిన నాడే పైకం ఇవ్వండి. పాత పద్ధతిలో కమ్మరికి ఊరి మీద హక్కుండేది. ఇప్పుడు ఆ హక్కూ లేక, పైకమూ బాకీ పడితే ఆయన కొలిమి ఎందుకు వెలిగిస్తాడు? నలుగురు రైతులు కలిసి వేసవిలోనే ఏడాది పని మాట్లాడుకొని కొంత ముందుగా ఇస్తే ఇంకా మంచిది. మూడవది, మీ చేలలో చిట్టెపు కుప్ప కనబడితే దానిని రోడ్డు గుంతలకు తోలకండి. బడి పంతులుగారికి చూపించండి, పిల్లలకు చెప్పండి.

విస్తరణ మిత్రులకు ఒక మనవి. మీ మండలంలో ఇంకా ఎన్ని కొలిములు వెలుగుతున్నాయో లెక్క తీయండి. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో చేర్చిన 18 వృత్తులలో కమ్మరం ఒకటి. అందులో శిక్షణ, పనిముట్ల కోసం 15,000 రూపాయల సహాయం, నూటికి ఐదు వడ్డీతో మొదట లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల వరకు అప్పు ఏర్పాటు చేశారు. చేతితో తిత్తి ఊదేవానికి కరెంటు ఊదుడు యంత్రం, ఒక వెల్డింగు మిషను వచ్చినా పని ఎంతో తేలికవుతుంది. ఈ వివరం కొలిమి దగ్గర కూర్చున్నవాడికి చేరిందో లేదో కనుక్కోండి. రైతు శిక్షణ పెట్టినప్పుడు విత్తనాలవారినీ, మందులవారినీ పిలిచినట్టే కమ్మరిని కూడా పిలవండి. ఎండుగడ్డి రంగు పాఠం ఆయన చేత చెప్పించి వ్రాసి పెట్టండి. కోనసముద్రం చదువు పోయినట్టు ఇది కూడా పోకూడదు.

ఇనుము వేడిగా ఉన్నప్పుడే సాగగొట్టాలంటారు. ఈ ఎండకాలంలోనే ఒక పూట తీరిక చేసుకొని కొలిమి దాకా పోయి రండి. సెలవు.